బర్మా సంప్రదాయ కళావిద్య: గురుముఖము నుండి విశ్వవిద్యాలయము వరకు

బర్మీ భాషలో విశ్వవిద్యాలయమునకు ‘తక్కతో’ అని పేరు. ఇది పాళీభాషలోని ‘తక్కసిలా’ శబ్దభవము. ప్రాచీన తక్షశిల పేరే ఆ దేశమున ఉన్నతవిద్యకు సామాన్యనామమైనది. అయితే పేరు ప్రాచీనమైనను, సంప్రదాయ కళలు ఈ ‘తక్కతో’లో స్థానము పొందుట ఇటీవలి విషయమే. రంగూన్ విశ్వవిద్యాలయము 1920లో ఏర్పడగా, సంస్కృతీ విశ్వవిద్యాలయము 1993లో గాని వెలయలేదు.

అంతకుముందు ఈ కళలకు రాజాస్థానమే ఆశ్రయము. 1767లో బర్మీ సేనలు అయుధ్యను జయించి, అచటి కళాకారులను బందీలుగా కొనివచ్చినవి. వారి వలన రామకథా నాటకము ఆస్థానమున ప్రవేశించినది. దానికి ‘యామ జాత్‌డో’ అని పేరు. రేఫము యకారముగా ఉచ్చరింపబడుటచే రాముడు ‘యామ’ అయినాడు; ‘జాత్’ అనునది జాతక శబ్దభవము. మ్యావడీ మింజీ ఊ సా (1766–1853) సయామీ కథలను, గేయములను బర్మీకరించి, ‘సౌంగ్’ అను వీణావిశేషమునకు తంత్రులను పెంచెనని ప్రసిద్ధి. నేటి సౌంగ్‌కు 16 తంత్రులు కలవు.

1885లో తీబో రాజు పదచ్యుతుడగుటతో రాజపోషణ అంతరించినది. విద్య గురువుల ఇండ్లకు, సంచార నాటక బృందములకు పరిమితమైనది. స్వాతంత్ర్యానంతరము 1950 దశకారంభమున రంగూన్, మాండలే నగరములలో ప్రభుత్వ సంగీత నాటక పాఠశాలలు వెలసినవి. 1993లో రంగూన్‌లోను, 2001లో మాండలేలోను ఏర్పడిన విశ్వవిద్యాలయములు సంగీతము, నాటకము, చిత్రలేఖనము, శిల్పము అను శాఖలలో పట్టములు ఇచ్చు స్థాయికి ఈ విద్యను చేర్చినవి.

ఈ పరిణామమున రెండు అంశములు విచారణీయములు. మొదటిది కళల విభజన. బర్మీయులు తమ శిల్పకళలను ‘పాన్ సే మ్యో’, అనగా పది పుష్పములని వ్యవహరింతురు. కమ్మరము, స్వర్ణకారము, కంచుపోత, కొయ్యచెక్కడము, రాతిచెక్కడము, సున్నపు పనితనము, ఇటుక కట్టుబడి, తరిమెన పని, చిత్రలేఖనము, లక్కపని అనునవి అవి. సంప్రదాయమున ఇవి ఒకే మాలలోని పూవులు. ఆధునిక విద్యావ్యవస్థలో చిత్రలేఖన, శిల్పములు విశ్వవిద్యాలయ శాఖలు కాగా, లక్కపనికి 1924లోనే బగాన్‌లో ప్రత్యేక పాఠశాల ఏర్పడినది. ఒకటి కళగాను, వేరొకటి వృత్తిగాను లెక్కింపబడుటకు మూలము సంప్రదాయమున కాక, ఆధునిక పాలనావిభాగమునందే కలదు.

రెండవది పాఠసమస్య. శాస్త్రీయ గేయసంపుటమునకు ‘మహాగీత’ అని పేరు. విద్యార్థి ‘చో’ అను తరగతికి చెందిన గేయములతో అభ్యాసము ప్రారంభించును. గాయకుడు ‘సీ’ అను చిరుతాళములతోను, ‘వా’ అను చిడతతోను కాలమును నిలుపును. రాగస్వరూపము, అలంకరణము గురుముఖమున మాత్రమే లభించెడివి. కావున ఒకే గేయము గురుపరంపరను బట్టి భిన్నరూపములు పొందినది. తరగతి బోధనకు, పరీక్షకు, 1993 నుండి ప్రభుత్వము నిర్వహించిన గాన నృత్య రచన వాద్య పోటీలకు ఏకరూపపాఠము అవసరమైనది. తత్ఫలితముగా ఒక పాఠము ప్రమాణమై, ఇతర పరంపరల పాఠములు వెనుకబడినవి.

పాఠపరిష్కరణ శాస్త్రమెరిగిన వారికి ఈ చిక్కు అపరిచితము కాదు. పరిష్కర్త ఒక పాఠమును గ్రహించినను, పాఠాంతరములను అధోజ్ఞాపికలలో భద్రపరచును. గానమునకు అట్టి అధోజ్ఞాపిక లేదు. పాడు వారితోనే పాఠాంతరము నశించును. పాఠశాల లేనిచో రాజపోషణ కోల్పోయిన విద్య క్షీణించెడిదేమో. పాఠశాల ఉన్నందున దాని వైవిధ్యము కుదించుకొనిపోయినది. కావున పట్టము ఇచ్చు సంస్థకు బోధనతోపాటు, వృద్ధగురువుల భిన్నపాఠములను ధ్వనిముద్రణ రూపమున సేకరించుటయు ప్రధానధర్మము కావలెను. అప్పుడే ‘తక్కతో’ అను పేరు సార్థకమగును.