ట్రెమే పేట: గుడిలో చోటు ఎవరికి?



పునీత యాకోబు తన లేఖ రెండవ అధ్యాయంలో మనల్ని నిలదీస్తాడు. బంగారు ఉంగరం పెట్టుకొని వచ్చినవానికి ముందు ఆసనం చూపి, మాసిన బట్టలతో వచ్చిన పేదవానిని ఓ మూల నిలబెడితే మన విశ్వాసానికి అర్థమేమిటని ఆయన ప్రశ్న. ఈ ప్రశ్నను ఒక పేట ప్రజలు ఎలా ఎదుర్కొన్నారో ఈ వారం పాఠంలో తెలుసుకొందాం. ఆ పేట పేరు ట్రెమే. అమెరికా దేశంలో లూసియానా రాష్ట్రంలోని న్యూ ఆర్లీన్స్ నగరంలో ఉన్నది. ఆ దేశంలోని అతి పురాతనమైన నల్లజాతి పేటల్లో ఇది ఒకటి.

పేట పుట్టుక

లూసియానా మొదట ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండేది. బానిసలకు జ్ఞానస్నానం ఇప్పించాలని, ఆదివారం పని చేయించరాదని 1724 నాటి ఫ్రెంచి చట్టం శాసించింది. కానీ ఆ చట్టమే వారిని యజమాని ఆస్తిగా ఉంచింది! దొరికిన ఆ ఒక్క సెలవు రోజున వారు ఒక బయలులో చేరి, తమ ఆఫ్రికా డప్పులు వాయించి, ఆడి పాడి, చిన్న చిన్న సరకులు అమ్ముకొనేవారు. ఆ చోటే కాంగో స్క్వేర్. జాజ్ సంగీతానికి వేళ్లు అక్కడ ఉన్నాయని చరిత్రకారులు చెబుతారు.

1810లో నగరపాలకులు క్లోడ్ ట్రెమే అనే ఆయన భూమిని కొని, స్థలాలుగా విడగొట్టి అమ్మారు. బానిసత్వం లేని నల్లవారు, మిశ్రమ సంతతివారు చాలామంది అక్కడ సొంత ఇళ్లు కట్టుకొన్నారు. వారిలో తాపీ పనివారు, వడ్రంగులు, దర్జీలు, సంగీతకారులు ఉండేవారు.

బల్లల పోటీ

ఈ పేట ప్రజల కోరికపై పునీత అగుస్తీను దేవాలయం కట్టబడి, 1842 అక్టోబరులో ప్రతిష్ఠించబడింది. మన పల్లె గుడులలో చాప పరిస్తే అందరికీ చోటే. అక్కడ ఆ రోజుల్లో ఒక్కో కుటుంబం డబ్బు కట్టి బల్లను దక్కించుకోవాలి. ప్రతిష్ఠకు ముందే నల్లవారు బల్లలు తీసుకోసాగారు. అది విని తెల్లవారు పోటీకి దిగారు. చివరకు నల్లవారే ఎక్కువ బల్లలు దక్కించుకొన్నారని ఆ విచారణ పెద్దలు తరతరాలుగా చెప్పుకొంటారు. అంతటితో ఆగక, రెండు పక్క వరుసల బల్లలకు కూడా వారే డబ్బు కట్టి, వాటిని బానిసలకు ఇచ్చారు. ఆ విధంగా తెల్లవారు, స్వతంత్రులైన నల్లవారు, బానిసలు ఒకే కప్పు క్రింద దివ్యబలిపూజలో పాల్గొన్నారు.

అయితే చరిత్రను ఉన్నదున్నట్లు చెప్పుకోవాలి. స్వతంత్రులైన నల్లవారిలో కొందరికి సొంత బానిసలు ఉండేవారు. గుడిలో చోటు దొరికినా, గుడి బయట బానిస బానిసగానే మిగిలాడు. బల్ల కొనడం మంచి పనే, కానీ సంకెళ్లు తెగడానికి అది చాలలేదు.

ఒక కన్య సేవ

అదే 1842లో హెన్రియెట్ డెలీల్ అనే మిశ్రమ సంతతి యువతి, తన స్నేహితురాలు జూలియెట్ గోడెన్‌తో కలిసి పవిత్ర కుటుంబ సోదరీమణుల సభను స్థాపించింది. వారు బానిసలకు జ్ఞానోపదేశం చేశారు. రోగులను, దిక్కులేని వృద్ధులను, అనాథ బిడ్డలను ఆదరించారు. బానిసలకు చదువు చెప్పడం నేరమైన రోజులవి! 1862లో ఆమె మరణించింది. 2010లో జగద్గురువు 16వ బెనెడిక్టు ఆమెను పూజనీయురాలిగా ప్రకటించారు.

కష్టంలో తోడు

ట్రెమే ప్రజలు పరస్పర సహాయ సంఘాలు పెట్టుకొన్నారు. సభ్యులు కట్టే కొద్దిపాటి చందాతో రోగికి వైద్యం, మృతునికి గౌరవమైన సమాధి లభించేవి. నేటికీ అక్కడ అంతిమయాత్రలో బాజా బృందం ముందు నడుస్తుంది. సమాధికి వెళ్లేటప్పుడు విషాద గీతాలు, తిరిగి వచ్చేటప్పుడు ఉత్సాహ గీతాలు వాయిస్తారు.

ఈ పేటకు చెందినవాడే హోమర్ ప్లెస్సీ, చెప్పులు కుట్టే వృత్తివాడు. 1892లో తెల్లవారికి కేటాయించిన రైలు పెట్టెలో కూర్చొని, కావాలనే అరెస్టయ్యాడు. 1896లో సుప్రీంకోర్టు అతనికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. అతని నేరాన్ని క్షమిస్తూ రాష్ట్ర గవర్నరు సంతకం చేసింది 2022లో!

పేటపై పడిన దెబ్బలు

క్లెయిబోర్న్ వీధిలో బారులు తీరిన ఓక్ చెట్ల నీడలో కుటుంబాలు పండుగలు చేసుకొనేవి. 1966లో ఆ చెట్లను నరికి, వాటి స్థానంలో ఎత్తయిన రహదారి వంతెన కట్టారు. నల్లవారి దుకాణాలెన్నో మూతపడ్డాయి. తర్వాతి కాలంలో ఆ వంతెన స్తంభాల మీదే చెట్ల బొమ్మలు గీసుకొన్నారు.

2005 ఆగస్టులో కత్రీనా తుపాను నగరాన్ని ముంచింది. నష్టాల కారణంగా 2006లో అగ్రపీఠం పునీత అగుస్తీను విచారణను రద్దుచేసి, పొరుగు విచారణలో కలిపింది. విశ్వాసులు నిరసన తెలిపారు, కొందరు గురువుల నివాసంలో బైఠాయించారు. చర్చల అనంతరం, గడువులోగా విచారణను బలపరచుకోవాలనే షరతుపై ఏప్రిల్‌లో దానిని తిరిగి తెరిచారు.

ఆ దేవాలయం ప్రక్కన 2004లో నెలకొల్పిన ఒక స్మారకం ఉన్నది. పెద్ద ఇనుప గొలుసుతో చేసిన సిలువ, దానికి వేలాడే సంకెళ్లు. పేరు తెలియని బానిసల సమాధి అని దాని పేరు. పేరు మనకు తెలియకపోయినా దేవునికి తెలుసు.

కుటుంబంలో చర్చించుకొనుటకు

1. మన విచారణలో ముందు వరుసలో కూర్చొనేది ఎవరు? గడప దగ్గరే ఆగిపోయేది ఎవరు? ఎందువలన?

2. ట్రెమే ప్రజలు పరాయివారి బల్లకు కూడా డబ్బు కట్టారు. మనం ఎవరికోసం అలా చేయగలం?

3. మన గుడి కట్టడానికి రాళ్లు మోసినవారి పేర్లు పెద్దలను అడిగి, మీ పిల్లలచేత వ్రాయించండి.