కొత్త బేరింగ్ వేసినా కూత ఆగదేం?

ప్రశ్న: కేసీ కాలువ నీళ్లు తోడే మా పంపుకు తరచూ బేరింగ్ పోతోంది. ఈసారి ఖరీదైనదే వేశాం. అయినా నాలుగు రోజులకే కూత మొదలైంది. లోపం ఎక్కడ?
– ఓ రైతు, పాములపాడు

జవాబు: లోపం బేరింగ్‌లో కాక, దానిమీద పడే బరువులో ఉండొచ్చు. పారేయకుండా ఆ పాత బేరింగ్ విప్పి, బయటి రింగు గాడి చూడండి.

అరుగుదల గీత గాడి మధ్యలో కాక ఒక అంచుకు జరిగి చుట్టూరా ఉంటే, షాఫ్టును పొడవునా నెట్టే బలం ఎక్కువైనట్టు. ఇంపెల్లర్ వీపు మీద నీటి ఒత్తిడి పడుతుంది, ముందు నీరు లోపలికొచ్చే కన్ను దగ్గర ఆ ఒత్తిడి ఉండదు. అందుకే ఇంపెల్లర్ సక్షన్ వైపు జరగాలని చూస్తుంది. 20 మీటర్ల హెడ్డు, 10 సెంటీమీటర్ల కన్ను ఉంటే ఆ తోపు సుమారు 150 కిలోలు! దాన్ని తగ్గించడానికే కొన్ని ఇంపెల్లర్లకు వీపున రంధ్రాలు, వెనక రింగు పెడతారు. కాలువ బురదకు రంధ్రాలు పూడినా, ఇసుకకు రింగు అరిగినా భారమంతా బేరింగ్‌దే.

గీత మధ్యలోనే ఉండి, గాడి ఒక పక్కే అరిగితే అది పక్కకు తోసే బలం. డెలివరీ వాల్వు సగం మూసి నడిపితే కేసింగ్ చుట్టూ ఒత్తిడి సమంగా ఉండదు. బెల్టు పంపైతే బిగువు చూడండి. జారుతుందన్న భయంతో మనవాళ్లు వీణ తీగలా బిగించేస్తారు. ఆ బిగువంతా బేరింగ్ మీదే పడుతుంది. బరువు రెట్టింపైతే బాల్ బేరింగ్ ఆయుష్షు ఎనిమిదో వంతుకు పడిపోతుంది.