కుక్క ఎందుకు మొరగలేదు?

రాత్రి కొట్టంలో దొంగ పడ్డాడు. కొట్టం దగ్గర కుక్క ఉంది. అది మొరగలేదు. ఎందుకు మొరగలేదు?

పెద్దపల్లి పల్లెల్లో ఏ అవ్వను అడిగినా ఒకటే మాట చెబుతుంది. "కుక్క మొరుగలేదంటె అచ్చినోడు ఇంటోడే బిడ్డా. లేకుంటె ఎరుకున్నోడు."

సరిగ్గా ఈ మాట మీదనే ఒక పేరుపొందిన కథ ఉంది. అది 1892లో ఇంగ్లండులో అచ్చయింది. రాసినాయన పేరు ఆర్థర్ కోనన్ డాయిల్. ఆయన చదివింది డాక్టరు చదువు. రాసింది మాత్రం డిటెక్టివు కథలు. ఆయన కథల్లోని డిటెక్టివు పేరు షెర్లాక్ హోమ్స్. డిటెక్టివు అంటే నేరం ఎట్లా జరిగిందో వెతికి పట్టుకునే మనిషి.

ఆ కథ చూద్దాం.

ఒక పందెపు గుర్రం ఉంది. దాని నుదురు తెల్లగా ఉంటుంది. కొద్ది రోజులు పోతే పెద్ద పందెం. ఒక రాత్రి ఆ గుర్రం మాయమైంది. గుర్రానికి పరుగు నేర్పే మనిషి తెల్లారి బయట చచ్చిపడి ఉన్నాడు. తల పగిలి ఉంది. కొట్టానికి కావలి ఉన్న పిల్లవాడు మత్తులో పడి ఉన్నాడు. అతను తిన్న కూరలో ఎవరో నల్లమందు కలిపారు.

ముందు సాయంత్రం అక్కడికి ఒక కొత్త మనిషి వచ్చాడు. గుర్రం సంగతులు అడిగాడు. కావలి పిల్లవాడు కుక్కను వదలబోయేసరికి ఆ మనిషి పారిపోయాడు. అతని మెడ రుమాలు చచ్చిపోయిన మనిషి చేతిలో దొరికింది. పోలీసులు అతన్నే పట్టుకున్నారు. "వీడు కొత్తవాడు. వీడి రుమాలు అక్కడ దొరికింది. కాబట్టి వీడే చంపాడు" అన్నారు.

వింటే నిజమే అనిపిస్తుంది. కదా?

హోమ్స్ ముందుగా కూర గురించి ఆలోచించాడు. నల్లమందుకు ఒక రుచి ఉంటుంది. మామూలు కూరలో కలిపితే నాలుకకు తెలిసిపోతుంది. ఆ రాత్రి మాత్రం మసాలా వేసిన మాంసం కూర వండారు. మసాలా ఘాటులో మందు రుచి దాగిపోయింది. మరి ఆ రాత్రి ఆ ఇంట్లో మసాలా కూర వండుతారని దారిన పోయే కొత్త మనిషికి ఎట్లా తెలుస్తుంది? ఈ రోజు ఈ కూర వండాలని చెప్పగలిగేది ఇంటివాళ్లే. ఈ సంగతి పోలీసులకు తట్టలేదు. పొయ్యి దగ్గర కూచున్న ఆడమనిషికి తట్టేదేమో.

తర్వాత కుక్క. రాత్రి ఎవరో కొట్టంలోకి వచ్చారు. గుర్రాన్ని విప్పుకొని పోయారు. అటక మీద ఇద్దరు పనివాళ్లు పడుకొని ఉన్నారు. వాళ్లకు మెలకువ రాలేదు. అంటే కుక్క మొరగలేదు. అంటే వచ్చినవాడు కుక్కకు బాగా తెలిసినవాడు.

ఆ వచ్చినవాడు ఎవరో కాదు, గుర్రానికి పరుగు నేర్పే మనిషే. అతనికి అప్పులు ఉన్నాయి. గుర్రం ఓడిపోతే అతనికి డబ్బు వస్తుంది. అందుకని దాన్ని బయటికి తీసుకుపోయాడు. కాలి నరం కొంచెం కోసి కుంటిదాన్ని చేయాలనుకున్నాడు. పారిపోయిన మనిషి జారవిడిచిన రుమాలు దారిలో అతనికే దొరికింది. గుర్రం బెదిరి కాలితో తన్నింది. తల పగిలింది. చంపింది మనిషి కాదు, గుర్రం!

ఇట్లాంటి కథలు తెలుగులోనూ చాలా వచ్చాయి. కొమ్మూరి సాంబశివరావు రాసిన నవలల్లో డిటెక్టివు పేరు యుగంధర్. అతని వెంట ఉండేవాడు రాజు. మధుబాబు రాసిన నవలల్లో షాడో అనే గూఢచారి ఉంటాడు. గూఢచారి అంటే వేషం మార్చి శత్రువుల రహస్యాలు తెచ్చేవాడు. షాడో కథల్లో తన్నులాటలు ఎక్కువ. ఆలోచన నేర్చుకోవాలంటే యుగంధర్ లాంటి వాళ్ల కథలే మేలు. ఒకప్పుడు ఈ పుస్తకాలు అద్దెకిచ్చే దుకాణాలు ఉండేవి. చేతులు మారి మారి అట్టలు ఊడిపోయేవి.

ఈ కథల నుంచి వాదించడం నేర్చుకోవచ్చు. వాదన వేరు, కొట్లాట వేరు. కొట్లాటలో గొంతు పెద్దదైనవాళ్లు గెలుస్తారు. వాదనలో "ఎట్లా తెలుసు?" అనే ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాళ్లు గెలుస్తారు.

ఇప్పుడు ఒక ఊరు అనుకుందాం. వానకాలం. ఒక వాడలో పిల్లలకు వాంతులు, విరేచనాలు మొదలైనయి. ఏడు ఇండ్లలో పిల్లలు పడకేశారు. వాడ చివర ఒక ముసలామె ఒంటరిగా ఉంటుంది. "గా ముసల్దే మంత్రం చేసింది" అని ఒకరు అన్నారు. సాయంత్రానికి ఊరంతా అదే మాట. రచ్చకట్ట దగ్గర జనం చేరారు. ముసలామెను పట్టుకొచ్చారు. "మంత్రం చెయ్యలేదని రుజువు చెయ్యి" అన్నారు.

ఎట్లా రుజువు చేస్తుంది? చెయ్యని పనికి రుజువు ఎక్కడి నుంచి తెస్తుంది?

మహిళా సంఘంలో లెక్కలు రాసే ఆమె ఒకతె లేచింది. "మంత్రాలు లేవు, మీకు తెలివి లేదు" అని ఆమె అనలేదు. పిల్లవాడు పడకేసిన తల్లితో అట్లా అంటే ఇక ఆ తల్లి ఏ మాటా వినదు. హోమ్స్‌కు కొంచెం పొగరు ఎక్కువ. అది కథలో బాగుంటుంది, వాడలో పనికి రాదు.

ఆమె ఇట్లా అడిగింది. "పెద్దబాపూ, నీ మనుమడు నా కొడుకసొంటోడే. నాకూ బుగులే ఉన్నది. ఒక్కటి చెప్పు. అవ్వ మంత్రం చేసుడు ఎవలు చూసిన్రు?"

ఎవరూ చూడలేదు. "వాళ్లు అన్నరు" అని ఒకరు. "వీళ్లు అన్నరు" అని ఇంకొకరు.

"సరే. ఏయే ఇండ్లల్ల పిల్లలకు పానం బాగ లేదు?"

ఆమె నోట్‌బుక్కు తీసి రాసింది. ఏడు ఇండ్లు. వాటిలో అవ్వ అడుగు పెట్టినవి రెండే. అవ్వ రోజూ పోయి కూచునే ఇల్లు ఇంకొకటి ఉంది. ఆ ఇంట్లో ముగ్గురు పిల్లలు. ముగ్గురూ ఆడుకుంటున్నారు.

"అక్కడెందుకు రోగం రాలే?" అని అడిగింది.

ఇదే మొరగని కుక్క. జరిగినదాన్ని అందరూ చూస్తారు. జరగాల్సి ఉండి జరగనిదాన్ని కూడా చూడాలి.

ఆ ముగ్గురు పిల్లలు బోరింగు నీళ్లు తాగుతున్నారు. ఏడు ఇండ్లవాళ్లు ఒకే నల్లా నీళ్లు పట్టుకుంటున్నారు. ఆ నల్లా పైపు మోరీలో నుంచి పోతుంది. పోయి చూస్తే పైపు పగిలి ఉంది.

ఇది ఊహించి చెప్పిన ఊరు. ఇటువంటిదే లండనులో నిజంగా జరిగింది. 1854లో అక్కడ కలరా వచ్చింది. జాన్ స్నో అనే డాక్టరు ఎవరు ఎక్కడ చనిపోయారో వెతికాడు. చాలామంది ఒకే పంపు నీళ్లు తాగినవాళ్లు. ఆ పంపు పక్కనే బీరు తయారుచేసే కార్ఖానా ఉంది. అందులో పనివాళ్లకు రోగం అంటలేదు. వాళ్లు ఆ నీళ్లు తాగకుండా బీరు తాగేవాళ్లు! చివరికి ఆ పంపు పిడి ఊడదీయించారు.

మంత్రాల నింద చిన్న సంగతి కాదు. 2022 జనవరిలో జగిత్యాలలో ఒకే ఇంటి తండ్రిని, ఇద్దరు కొడుకులను ఈ అనుమానంతోనే చంపారు. అదీ కుల సంఘం సమావేశం జరుగుతున్న చోట. నలుగురు కూచుని మాట్లాడుకోవాల్సిన చోట. అక్కడ "ఎవలు చూసిన్రు?" అనే ప్రశ్నకు ఒక ప్రాణం విలువ ఉంటుంది.

కోర్టులోనూ ఈ ప్రశ్నే అడుగుతారు. మన దేశంలో సాక్ష్యాల చట్టం 1872లో వచ్చింది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం అమలులోకి వచ్చింది. పేరు మారినా రెండు సంగతులు మారలేదు. నేరం చేశారని ఎవరు అంటారో వాళ్లే రుజువు చూపాలి. కళ్లతో చూసిన మాటకు ఉన్న విలువ "ఎవరో అనగా విన్నాను" అనే మాటకు ఉండదు.

చదివి మాట్లాడుకోండి

ఒక సంఘం పెట్టెలో 500 రూపాయలు తక్కువ వచ్చాయి. పెట్టె తాళం పగలలేదు. తాళంచెవులు ఇద్దరి దగ్గర ఉన్నాయి. పోయిన వారం కొత్తగా చేరిన ఆమె మీద అందరికీ అనుమానం. ఆమె దగ్గర తాళంచెవి లేదు. లెక్కల పుస్తకంలో ఒక రోజు రాత లేదు.

1. ఇందులో మొరగని కుక్క ఏది?

2. కొత్తామె మీద అనుమానం ఎందుకు వచ్చింది? అది సాక్ష్యమేనా?

3. తాళంచెవులు ఉన్న ఇద్దరినీ నొప్పించకుండా మీరు ఏమేం అడుగుతారు? మూడు ప్రశ్నలు మీ నోట్‌బుక్కులో రాయండి.