క్యాన్సర్ ప్రొటీన్ల గుట్టు విప్పే కొలువు

కణాన్ని విభజనకు తొందరపెట్టే మిక్ అనే ప్రొటీన్‌కు మామూలు కణంలో ఆయుష్షు తక్కువ. సుమారు అరగంటలోనే అందులో సగం విరిగిపోతుంది. వదిలించుకోవాల్సిన ప్రొటీన్లకు కణం యుబిక్విటిన్ అనే గుర్తును గొలుసుగా తగిలిస్తుంది. ఆ గుర్తు కూడా 76 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీనే. అది పడ్డవాటిని ప్రోటియాసోమ్ అనే కణంలోని యంత్రాంగం ముక్కలు చేస్తుంది. ఈ ఏర్పాటును కనుగొన్నందుకు చెహనోవర్, హెర్ష్కో, రోజ్‌లకు 2004లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది.

గుర్తు తగిలించే ఎంజైములున్నట్టే తొలగించేవీ ఉన్నాయి. వాటి పేరు డీయుబిక్విటినేజులు. మనిషిలో ఇవి దాదాపు 100. మామూలుగా కణానికి అవసరమైనవే, కానీ కొన్ని క్యాన్సర్లలో వీటి జోరు పెరిగి, పోవాల్సిన ప్రొటీన్లు నిలిచిపోతాయి. కణం పెరుగుతూనే ఉంటుంది.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో స్క్వామస్ రకాన్నే చూడండి. ఆ కణాలు పీ63 అనే ప్రొటీన్ తాలూకు ఒక రూపంపై ఆధారపడి బతుకుతాయి. దాన్ని విరిగిపోకుండా కాపాడేది యూఎస్‌పీ28 అనే డీయుబిక్విటినేజ్ అని జర్మనీలోని వుర్జ్‌బర్గ్ పరిశోధకులు 2020లో చూపించారు. ఎంజైమ్‌ను అడ్డుకుంటే పీ63 తగ్గింది, ఎలుకల్లో కణితుల పెరుగుదల కూడా తగ్గింది. 2022లో ప్రపంచవ్యాప్తంగా అన్ని రకాల ఊపిరితిత్తుల క్యాన్సర్లతో చనిపోయినవారు సుమారు 18 లక్షలు. కొత్త మందులకు దారి చూపే ఇలాంటి ప్రతి ఆధారమూ విలువైనదే.

ఈ వ్యవస్థ మీద మందు పనిచేస్తుందని ఇప్పటికే తేలింది. ప్రోటియాసోమ్‌ను అడ్డుకునే బోర్టెజోమిబ్‌కు మైలోమా అనే రక్త క్యాన్సర్ చికిత్స కోసం 2003లో అమెరికాలో అనుమతి వచ్చింది. యూఎస్‌పీ1 అనే మరో డీయుబిక్విటినేజ్‌ను నిరోధించే మందులు మనుషులపై పరీక్షల దాకా వచ్చాయి.

ఏం చదవాలి?

ఇలాంటి పరిశోధనకు జీవశాస్త్రం ఒక్కటే దారి కాదు. ఎంజైమ్‌ను అడ్డుకునే నిరోధకాన్ని తయారుచేసేది కెమిస్ట్రీ విద్యార్థి, ఎంజైమ్ ఆకృతిని కంప్యూటర్‌లో విశ్లేషించేది బయోఇన్ఫర్మాటిక్స్ విద్యార్థి. ఇంటర్ తర్వాత తిరుపతితో సహా ఐసర్లలో బీఎస్-ఎంఎస్ చేరడానికి ఐసర్ ఆప్టిట్యూడ్ టెస్ట్ రాయాలి. డిగ్రీ తర్వాత ఐఐటీల ఎమ్మెస్సీకి జామ్, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) తోడ్పాటుతో నడిచే బయోటెక్నాలజీ కోర్సులకు గ్యాట్-బి, రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో పీజీసెట్ ఉన్నాయి. ఫార్మసీ విద్యార్థులు నైపర్ జేఈఈ రాసి హైదరాబాద్ నైపర్‌లో చేరవచ్చు.

పీహెచ్‌డీకి సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్, డీబీటీ, ఐసీఎంఆర్ జేఆర్‌ఎఫ్ పరీక్షలు ప్రధానం. 2023లో సవరించిన లెక్క ప్రకారం జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) నెలకు రూ.37,000, ఆ తర్వాత సీనియర్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్) రూ.42,000. ఇంటి అద్దె భత్యం అదనం. హైదరాబాద్‌లోనే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, ఐఐసీటీ, హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఉండటం తెలుగు విద్యార్థులకు పెద్ద వెసులుబాటు.

చేతికి రావాల్సిన పని

ర్యాంకు సీటు తెచ్చిపెడుతుంది. ల్యాబ్‌లో నిలబెట్టేది చేతిపనే. ఎంజైమ్ నిజంగా ప్రొటీన్‌ను కాపాడుతోందా అని తేల్చే ఒక పరీక్ష ఇలా ఉంటుంది: 1972లో ఒక ఊపిరితిత్తుల కణితి నుంచి తీసి, నేటికీ ల్యాబుల్లో పెంచుతున్న ఏ549 వంటి కణాల్లో సైక్లోహెక్సిమైడ్ వేసి కొత్త ప్రొటీన్ల తయారీని ఆపేస్తారు. కాసేపటికోసారి నమూనా తీసి, వెస్టర్న్ బ్లాట్‌లో ఆ ప్రొటీన్ గీత ఎంత వేగంగా పలచబడుతోందో కొలుస్తారు. జన్యువులను కత్తిరించే క్రిస్పర్‌తో ఎంజైమ్‌ను తీసేసిన కణాల్లో గీత త్వరగా పలచబడితే అనుమానం బలపడినట్టే. కణాల పెంపకం, వెస్టర్న్ బ్లాట్, క్రిస్పర్, ఆర్ లేదా పైథాన్‌లో డేటా విశ్లేషణ: డిగ్రీ రోజుల నుంచే వీటిలో కొన్నైనా నేర్చుకోవాలి. జాతీయ సైన్స్ అకాడమీల సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ అందుకు మంచి అవకాశం. పీహెచ్‌డీకి తరచుగా ఐదారేళ్లు పడుతుంది కాబట్టి, ప్రయోగం చెడినా మళ్లీ మొదలుపెట్టే ఓపిక ఉందో లేదో ఈ దశలోనే తెలుసుకోవచ్చు.

కొలువులు

పీహెచ్‌డీ చేసినవారికి పరిశోధన సంస్థలు, విశ్వవిద్యాలయాలు, ఔషధ కంపెనీల్లో శాస్త్రవేత్త స్థాయి అవకాశాలుంటాయి. ఎమ్మెస్సీతోనే ఉద్యోగం కోరుకునేవారు అరాజెన్, సాయి లైఫ్ సైన్సెస్, సింజీన్ వంటి కాంట్రాక్ట్ రీసెర్చ్ సంస్థల్లో రీసెర్చ్ అసోసియేట్ కొలువులకు ప్రయత్నించవచ్చు. దరఖాస్తులో టెక్నిక్‌ల పేర్లు మాత్రమే రాస్తే సరిపోదు. ప్రాజెక్టులో అడిగిన ప్రశ్న, చేసిన ప్రయోగం, వచ్చిన ఫలితం మూడు వాక్యాల్లో చెప్పగలగాలి. ఇంటర్వ్యూలో లోతైన ప్రశ్నలు అక్కడి నుంచే వస్తాయి.