దున్నదూడలకు నట్టల మందు: తొలకరి సూచనలు

మృగశిర కార్తె ప్రవేశించి నాలుగు వానలు పడినంతనే బీళ్లపై పచ్చిక తలయెత్తుటయు, వేసవియంతయు ఎండుగడ్డితో కాలము వెళ్లబుచ్చిన పశువులు దానిపై ఆబగా పడి మేయుటయు, ఆ మేతతోపాటు నట్టల పిల్లలు వాని కడుపులోనికి చేరుటయు ఏటేట జరుగుచున్నదే. పాడిగేదెకు నట్టల మందు పట్టింపవలెనను స్పృహ మన రైతులలో నేడు కొంత కలదు. దాని కడుపున పుట్టిన మగదూడను తలచువారు మాత్రము అరుదు. పెయ్యయైనచో పాలు కుడువనిత్తురు. దున్నదూడయైనచో చేపునకు విడిచి, వెంటనే లాగి గుంజకు కట్టుదురు. అట్లు సగము కడుపుతో నున్న దూడ నట్టలకు తేలికగా లొంగిపోవును. మాంసమునకై పెంచదగిన జీవము ఇదియే కాగా, కండపట్టి మంచి ధర పలుకవలసినదానిని రెండు మాసములలోనే చేజేతుల పోగొట్టుకొనుట మిక్కిలి విచారకరము.

ఈ దూడకు తొలిశత్రువు పచ్చికనుండి రాదు. తల్లి పొదుగునుండి వచ్చును. గేదె దేహములో అణగియున్న ఏలికపాము పిల్లలు ఈనిక సమయమునకు చలించి, పొదుగు చేరి, పాలతో దూడ ప్రేగులలోనికి దిగును. కావున కొట్టమెంత శుభ్రముగ నున్నను ఈ సోకు తప్పదు. మూడు వారముల వయసునకే అవి పెరిగి గ్రుడ్లు పెట్టనారంభించును. ముదిరిన పురుగు జానెడు దాటియుండుటయు కద్దు. పొట్ట బానవలె ఉబ్బి, వెన్ను ఎండి, తోకచుట్టు మట్టిరంగు పారుడు అంటుకొని, ఊపిరి పుల్లని చెడువాసన కొట్టుచున్నచో రోగము ముదిరినదని గ్రహింపవలెను. అంతవరకు ఆగనేల? పుట్టిన 10వ దినమునకును 16వ దినమునకును నడుమ పిపెరజీన్ మందును బరువునుబట్టి ఒక్కమారు పట్టించినచో, పురుగులు గ్రుడ్లు పెట్టు వయసు రాకమునుపే వెడలిపోవును. కొట్టములో గ్రుడ్లు రాలవు. పేడలో గ్రుడ్లు కనబడిన పిదప చూతమనుట ఈ యొక్క విషయమున తగదు.

మేతకు పోవు వయసు వచ్చిన పిదప మాత్రము పేడపరీక్షయే దారిచూపును. గుండ్రని నట్టలు వేఱు, పొట్టజలగలు వేఱు, కార్జపుజలగలు వేఱు. ఒకదానిని చంపిన మందు మఱొకదానిపై పనిచేయవలెనని లేదు. సర్వరోగనివారిణిగ చాలమంది భావించు ఐవర్‌మెక్టిన్ సూది గుండ్రని నట్టలను, గజ్జిని, పేలను అణచునే గాని, జలగలను ఏమియు చేయజాలదు. చెరువు అంచున మేసి దవడక్రింద నీరు దిగిన దూడకు ఆ సూది వేయించుట డబ్బు దండుగ. పైగా ఆ మందు పేడలో వెలువడి, పేడను భూమిలోనికి చేర్చు పేడపురుగుల సంతతికి చేటుచేయును గనుక, అవసరములేని చోట దానిని వాడకుండుటయే నేలకును మేలు. ముదురు జలగలకు ఆక్సిక్లోజనైడ్, లేత కార్జపుజలగలకు సైతము ట్రైక్లాబెండజోల్ పనిచేయును. జలగల పిల్లలు నత్తలలో పెరిగి నీటి యంచుగడ్డిని పట్టియుండును గావున, కార్తికము మొదలు చెరువుల నీరు తీయుచు ఆ గడ్డి బయటపడు దినములలో వీనిపై కన్ను వేసియుండవలెను.

అన్నిటికంటె ఎక్కువగ జరుగు తప్పు మోతాదులోనిది. చూపుతో అంచనా కట్టి, ఒక సీసాను మూడు దూడలకు పంచుటచే పురుగు చావదు సరికదా, బ్రతికినది ఆ మందునకు అలవడి, తన సంతతికిని ఆ శక్తినిచ్చును. కాటా లేనిచోట కొలతటేపు చాలును. ముంగాళ్ల వెనుక ఛాతి చుట్టుకొలతను అంగుళములలో తీసి, దానిని దానితోనే గుణించి, భుజపు మొననుండి పిరుదెముక మొనవరకు గల పొడవుతో మరల గుణించి, 660చే భాగించినచో కిలోల బరువు సుమారుగ వచ్చును. చుట్టు 55, పొడవు 48 అంగుళములైనచో 220 కిలోలు. గుండ్రని నట్టలకు కిలోకు 7.5 మిల్లీగ్రాముల చొప్పున ఆల్బెండజోల్ 1650 మిల్లీగ్రాములు కావలెను, సీసాపై 2.5 శాతమని యున్నచో అది 66 మిల్లీలీటర్లు. మిగిలిన మందును చూలు కట్టి నెలన్నర నిండని గేదెకు మాత్రము పట్టింపరాదు. కడుపులోని పిండమునకు హాని కలుగును.

పట్టించునపుడు దూడ తలను ఆకాశమునకెత్తి, నాలుక లాగి గొంతులో పోయువారు కలరు. పొలమారి మందు ఊపిరితిత్తులలోనికి పోయినచో దూడ దక్కుట కష్టము. తల నేలకు సమముగ నుంచి, నోటిమూల దౌడసందున కొంచెము కొంచెముగ పోయుచు, దగ్గినంతనే తలను విడిచివేయవలెను.

అమ్మకమునకు సిద్ధమైన దూడవిషయమున సీసాపై ముద్రించిన గడువు ముగియువరకు దానిని కోతకు అప్పగింపరాదు. తినువాని కడుపులోనికి ఆ మందు పోరాదు గదా. మందు పట్టించిన రెండు వారములకు అదే దూడ పేడను మరల పశువైద్యశాలకు పంపి, గ్రుడ్ల లెక్క ముందున్న దానికంటె బాగుగ తగ్గినదో లేదో తెలిసికొనవలెను. సరియైన మోతాదు పట్టించినను తగ్గకున్నచో, అదే మందును మరల కొనక, ఆ రెండు లెక్కలను వైద్యునికి చూపి వేఱు తెగ మందును వ్రాయించుకొనవలెను.