పాల వ్యాను యాక్సిలరేటర్‌కు లొంగనప్పుడు

సంఘాల వద్ద పాలు ఎత్తుకుని శీతల కేంద్రానికి చేర్చే వ్యాన్ల విషయంలో ఒకే రకమైన ఫిర్యాదు తరచుగా మా దృష్టికి వస్తున్నది. బండి ఉదయం బాగానే స్టార్టు అవుతుంది. సగం రూటు గడిచాక డ్రైవరు పెడల్‌ను నేలకు తొక్కినా ఇంజను పలకదు, ఎదుట పసుపు లైటు వెలుగుతుంది. తాళం తీసి మళ్లీ వేస్తే నాలుగు కిలోమీటర్లు నడిచి తిరిగి అదే తంతు. మెకానిక్ "థ్రాటిల్ సెన్సార్ పోయింది" అని కొత్తది వేస్తాడు. రెండు రోజులకు బండి మళ్లీ రోడ్డు పక్కన ఆగుతుంది.

ఈలోగా క్యాన్లలోని పాల సంగతి చూడవలెను. పితికిన 4 గంటలలోపు పాలు చల్లబడాలని మనం చెప్పుకుంటాం, వేసవిలో అంత వ్యవధి కూడా దొరకదు. ఆలస్యంగా చేరిన క్యాను డాకు వద్ద సి.ఓ.బి. పరీక్షలో విరిగితే ఆ నష్టం చివరకు పాలు పోసిన సభ్యుని ఖాతాలో పడుతున్నది. కనుక కార్యదర్శులు, రూటు సూపర్‌వైజర్లు ఈ లోపాన్ని గురించి కొంతైనా తెలిసి ఉండటం మంచిదని తలచి ఈ పాఠం వ్రాస్తున్నాము.

ముందుగా పేరు గురించి. పెట్రోలు ఇంజనులో గాలి దారికి అడ్డంగా ఉండే రేకును థ్రాటిల్ అంటారు. డీజిల్ ఇంజను వేగం గాలిని బట్టి కాక, లోపలికి చిమ్మే డీజిల్ పరిమాణాన్ని బట్టి ఉంటుంది. పాత మెకానికల్ పంపు బండ్లలో పెడల్ నుండి పంపు మీది లీవరుకు కేబుల్ గాని, కడ్డీ గాని ఉంటుంది. వాటిలో డ్రైవరు కాలికీ పంపుకూ నడుమ ఏ సెన్సారూ లేదు. కేబుల్ సాగిందా, పట్టేసిందా అని చూస్తే చాలు. 2017 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా బి.ఎస్.-4 నిబంధన వచ్చాక కామన్ రెయిల్ ఇంజన్లు బాగా వ్యాపించాయి. వీటిలో పెడల్‌లోనే సెన్సార్ ఉంటుంది. డ్రైవరు ఎంత తొక్కాడో అది కరెంటు రూపంలో ఇ.సి.యు. పెట్టెకు చెబుతుంది. గ్యారేజీ భాషలో థ్రాటిల్ సెన్సార్ అనేది దీనినే. కొన్ని డీజిల్ ఇంజన్లకు గాలి దారిలో ఒక రేకు ఉన్న మాట నిజమే గాని, దాని పని వేరు. పేరును బట్టి ఆ రేకును మార్చి డబ్బు వృథా చేసిన సందర్భాలున్నాయి.

పెడల్‌లో ఒకటి కాదు, రెండు సెన్సార్లు ఉంటాయి. రెండూ ఒకే మాట చెబుతున్నాయా అని పెట్టె ఎప్పుడూ సరిచూస్తుంది. ఒకటి తప్పితే ఇంజను శక్తిని తగ్గిస్తుంది. రెంటినీ నమ్మలేకపోతే పెడల్‌ను పూర్తిగా పక్కనపెట్టి, మామూలు ఐడిల్ కంటే కొంచెం ఎక్కువ వేగం వద్ద ఇంజనును నిలబెడుతుంది. ఇది బండి అదుపు తప్పకుండా చేసిన ఏర్పాటు. ఆ వేగంతో చిన్న గేరులో దగ్గరి ఊరి వరకు వెళ్లవచ్చును. అయితే నిండు క్యాన్లతో ఘాట్ ఎక్కే ప్రయత్నం వద్దు. పాలు నిండుగా ఉన్నప్పుడు డ్రైవరు చేయవలసిన మొదటి పని బానెట్ ఎత్తడం కాదు, శీతల కేంద్రానికి ఫోను చేయడం. క్యాన్లు మరో బండిలోకి మారాకనే మరమ్మతు.

ఇక లోపాన్ని వెతకడం. డీజిల్ ఫిల్టరు పూడుకుపోయినా, ట్యాంకులో నీరు చేరినా బండి లాగదు. కాని అది సాధారణంగా కొద్దికొద్దిగా మొదలై, ఎత్తు మీద, లోడు మీద ఎక్కువగా తెలుస్తుంది. సెన్సార్ లోపం హఠాత్తుగా వస్తుంది, ఖాళీ బండిలోనూ వస్తుంది.

బ్రేకు స్విచ్‌ను చాలామంది మరిచిపోతారు. బ్రేకు, యాక్సిలరేటర్ రెండూ ఒకేసారి నొక్కినట్లు కనబడితే అనేక బండ్లలో పెట్టె బ్రేకు మాటే వింటుంది, ఇంజను వేగం తగ్గిస్తుంది. బ్రేకు పెడల్ వద్ద ఉండే చిన్న స్విచ్ చెడి ఎప్పుడూ నొక్కినట్లే చూపితే లక్షణాలన్నీ యాక్సిలరేటర్ సెన్సార్ లోపంలాగే ఉంటాయి. ఒక రూటులో పెడల్‌ను రెండుసార్లు మార్చిన తర్వాత ఈ స్విచ్ సంగతి బయటపడింది. రెంటి ధరలకూ పోలికే లేదు. బండి వెనుక ఒక మనిషిని నిలబెట్టి, బ్రేకు తొక్కకుండానే లైట్లు వెలుగుతున్నాయేమో చూడటానికి పైసా ఖర్చు లేదు. కొన్ని స్విచ్‌లలో రెండు జతల కొనలుంటాయి గనుక లైట్లు బాగున్నా స్విచ్‌ను మీటరుతో కూడా చూడవలెను.

అక్కడ లోపం లేకపోతే పెడల్ కనెక్టరు వద్దకు రావలెను. సాధారణంగా ఆరు వైర్లుంటాయి: ఒక్కో సెన్సార్‌కు 5 వోల్టుల సరఫరా, ఎర్త్, సంకేతం. బ్యాటరీ 12 వోల్టులదైనా 24 వోల్టులదైనా ఇక్కడ వచ్చేది 5 వోల్టులే. కనెక్టరు తీయకుండా, తాళం ఆన్ చేసి, ఇంజను స్టార్టు చేయకుండా, డిజిటల్ మల్టీమీటరు సన్నని సూదిని కనెక్టరు వెనుక నుండి తగిలించి చూడవలెను. ఎక్కువగా కనిపించే రకంలో పెడల్ వదిలినప్పుడు మొదటి సంకేతం సుమారు 0.7 వోల్టులు, పూర్తిగా తొక్కినప్పుడు 4 వోల్టులకు కొంచెం అటూ ఇటూ ఉంటుంది. రెండవది ఎప్పుడూ అందులో సగం. మీ బండి కంపెనీ పుస్తకంలోని అంకెలే అంతిమం. అంకెల కంటే ముఖ్యంగా చూడవలసింది, పెడల్‌ను నెమ్మదిగా తొక్కుతున్నప్పుడు వోల్టేజి మెట్లు లేకుండా, మధ్యలో పడిపోకుండా పెరుగుతున్నదా అని. ఒక చోట తటాలున పడిపోతే సెన్సార్ అరిగినట్లే. రోజంతా పెడల్ నిలిచే స్థానం వద్దనే ఈ అరుగుదల ఎక్కువ. ఓమ్స్ పరీక్షను నమ్ముకోవద్దు, అయస్కాంతంతో పనిచేసే కొత్తరకం సెన్సార్లకు అది చెల్లదు.

5 వోల్టులే రాకపోతే తప్పు పెడల్‌దేనని అనుకోరాదు. ఆ సరఫరాను పంచుకునే మరో సెన్సార్ ఎక్కడో షార్టయి ఉండవచ్చును. వాటి కనెక్టర్లను ఒక్కొక్కటిగా ఊడదీస్తూ, 5 వోల్టులు ఎప్పుడు తిరిగి వస్తాయో చూడవలెను. అంకెలన్నీ సరిగా ఉండి లోపం వచ్చిపోతుంటే, మీటరు తగిలించి ఉంచి వైర్ల కట్టను చేత్తో కదిలించండి. పాల బండ్లలో ఈ రకమే ఎక్కువ. క్యాన్లు కడిగిన నీళ్లు, ఒలికిన పాలు, తడి చెప్పులు, వీటి వల్ల పెడల్ కింద ఎప్పుడూ చెమ్మే. కనెక్టరు లోపల పచ్చని చిలుము కనబడితే సెన్సార్ మార్చి లాభం లేదు, కొనలను శుభ్రపరచి, రబ్బరు సీలు మార్చవలెను. ఎలుకలు కొరికిన వైర్లు కూడా చూశాము. స్కానర్ ఉన్నచోట పి 2138 అనే కోడు వస్తే రెండు సంకేతాలు పొసగడం లేదని మాత్రమే అర్థం, పెడల్ మార్చమని కాదు.

బల్బు టెస్టరును ఈ వైర్లకు తగిలించరాదు, అది లాగే కరెంటుకు ఇ.సి.యు. చెడవచ్చును. వైరు తొడుగును సూదితో గుచ్చరాదు, ఆ రంధ్రం నుండి నీరు దిగి ఆరు నెలలకు కొత్త లోపం పుడుతుంది. క్యాన్ల ర్యాకుకు వెల్డింగు చేయించేటప్పుడు బ్యాటరీ తీగలు ఊడదీయించి, కంపెనీ చెప్పినచోట ఇ.సి.యు. కనెక్టర్లు కూడా తీయించి, వెల్డింగు ఎర్త్‌ను పని జరిగే చోటికి దగ్గరగానే పెట్టించవలెను.

మార్చిన భాగం, మీటరు చూపిన అంకెలు, తేదీ బండి లాగు బుక్కులో వ్రాయించండి. పాత భాగాన్ని గ్యారేజీలో వదలకుండా సంఘానికి తెప్పించుకోండి.