కర్ర కోసం వచ్చేవాడికి చెట్టు అప్పగించకు

చిరంజీవి స్రవంతికి,

కొత్తింటి పెరట్లో వేపచెట్టు పిట్టగోడ మీదికి వాలిందనీ, మామిడికొమ్మలు కరెంటు తీగలకు తగులుతున్నాయనీ రాశావు. ఎవరో వచ్చి, “డబ్బులేమీ వద్దమ్మా, కొట్టిన కర్ర మేం తీసుకుపోతాం” అన్నాడని, బేరం బాగుందనిపించిందని కూడా రాశావు. ఆ బేరానికి మాత్రం ఒప్పుకోకు తల్లీ.

కూలి కర్రలో ఉన్నప్పుడు కన్ను లావు కొమ్మ మీదే ఉంటుంది. నిజంగా తీయాల్సినవి చాలావరకు సన్నవి. ఎండిన రెమ్మలు, ఒకదాన్నొకటి రాసుకునేవి, తీగల మీదికి పోయేవి. వాటిని మోసుకెళ్తే బండి కిరాయి కూడా గిట్టదు. అందుకని చెట్టును నిలబెట్టే పెద్ద కొమ్మల మీద రంపం పడుతుంది. ఆ మనిషి చెడ్డవాడని కాదు, బేరమే అతన్ని అటు నడిపిస్తుంది. నువ్వు రోజుకూలి లెక్కన డబ్బివ్వు. కర్ర ఎవరికో పని మొదలుకాకముందే తేల్చుకో.

అసలు నీకు కావలసింది ఇద్దరు. ఒకరు చెట్టును చూసేవారు, మరొకరు ఎక్కేవారు. చూసేవారికి విడిగా ఫీజు ఇవ్వడానికి మనవాళ్లకు మనసొప్పదు. నా మాట విని ముందు ఆ ఖర్చే పెట్టు. రాజేంద్రనగర్‌లో ఉద్యాన కళాశాల ఉంది, అక్కడ అడిగితే తెలిసినవాళ్లను చెబుతారు. వచ్చిన మనిషి పైకి చూసేకంటే ముందు కింద చూడాలి. మొదట్లో పుట్టగొడుగులున్నాయా, మానును తడితే బోలుగా మోగుతోందా అని పరీక్షించాలి, ఈమధ్య పక్కన కాలువ తవ్వి వేళ్లు తెంపారా అని అడగాలి. మొదలు చుట్టూ సిమెంటు పోసి ఉంటే అదీ పట్టించుకోవాలి. దిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013లోనే ఆదేశించింది. మీ పెరట్లోనూ ఆ మీటరు మట్టి వదిలిపెట్టించు.

మన పాలమూరు పిల్లలమర్రి నీకు గుర్తుండే ఉంటుంది. ఏడువందల ఏళ్లదని చెప్పుకునే ఆ మర్రికి చెదలు పట్టింది. 2018లో అటవీశాఖవాళ్లు క్లోరోపైరిఫాస్ మందును నీళ్లలో కలిపి, సెలైన్ సీసాలతో బొట్టుబొట్టుగా ఎక్కించారు. వాలిన కొమ్మలకు కాంక్రీటు ఆధారాలు కట్టారు. అంత పెద్ద చెట్టును రంపం పెట్టకుండా దక్కించుకోవచ్చని అక్కడ చూశాం.

నీ వేపకొమ్మల చివర్లు ఎండి మాడినట్టు కనబడితే కంగారుపడి కొట్టించకు. 2021లో తెలంగాణ అంతటా వేపలు అలాగే ఎండాయి. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం కొమ్మల చివర్లను ఎండగొట్టింది, తేయాకు దోమ దానికి తోడైంది. చచ్చిపోయాయనుకున్న చెట్లు ఎన్నో మళ్లీ చిగిర్చాయి. మామిడిని కాపు దిగాక, జూన్, జులైల్లో కత్తిరించడం మంచిది. పూత మీద ఉన్నప్పుడు ఎవరినీ చెట్టెక్కనీయకు. గూళ్లున్నాయేమో ముందు చూడమను.

కొమ్మ కోసే తీరు నువ్వు దగ్గరుండి చూడు. లావు కొమ్మను ఒక్క కోతతో తెగ్గొడితే, పడేటప్పుడు మాను బెరడును చీల్చుకుంటూ పడుతుంది. మొదలుకు అడుగు దూరంలో ముందు కింది నుంచి గాటు పెట్టాలి, తర్వాత దానికి కాస్త అవతల పై నుంచి కోయాలి, బరువు దిగాక మిగిలిన మోడును తీయాలి. కొమ్మ పుట్టినచోట ముడతలు పడి ఉబ్బెత్తుగా ఉంటుందే, ఆ భాగాన్ని మాత్రం ముట్టుకోకూడదు. అమెరికాలో అలెక్స్ షైగో అనే శాస్త్రవేత్త వేల చెట్లను నిలువునా కోసి చూశాడు. చెట్టు గాయాన్ని మన చర్మంలా మాన్పుకోదని, దాని చుట్టూ లోపల గోడ కట్టుకుంటుందని తేల్చాడు. ఆ గోడ లేచేది ఆ ఉబ్బు దగ్గరే. దాన్ని చెక్కేసి పైన ఏ పేస్టు పూసినా కుళ్లు ఆగదు. “పైనంతా గుండు కొట్టేస్తాం, అయిదేళ్లు చూసుకోనక్కర్లేదు” అన్నవాణ్ణి గుమ్మంలోంచే పంపించెయ్యి. అలా కొట్టినచోట గుంపుగా లేచే కొమ్మలకు పట్టు ఉండదు, వేసవి గాలివానకు అవే ముందు విరుగుతాయి.

ఎక్కే మనిషి సంగతి నాకు అన్నిటికంటే ముఖ్యం. గీత కార్మికులు తాటిచెట్ల మీదనుంచి పడి ప్రాణాలు పోగొట్టుకుంటున్నారనే 2024లో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచాలు ఇవ్వడం మొదలుపెట్టింది. మీ చెట్టెక్కేవాడికీ నడుముకు బెల్టు, మోకు, తలకు హెల్మెట్ ఉండాల్సిందే. అవి లేకుండా తక్కువకు చేస్తానన్నా వద్దను. వర్షం పడుతుంటే పని ఆపించు. తీగల దగ్గరైతే కరెంటాఫీసుకు చెప్పి లైన్ ఆపించి, లైన్‌మన్ వచ్చి నిలబడ్డాకే రంపం పట్టనివ్వు. ఎవరి తొందర కోసమూ ఒక మనిషిని ప్రమాదంలో పెట్టకూడదు.

వేపను మొదలంటా తీయాల్సిందేనని ఎవరైనా అంటే, ఆ మాట రాసిమ్మను. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం చెట్టు కొట్టడానికి ముందే అనుమతి తీసుకోవాలి. వాలినంత మాత్రాన చెట్టు పడిపోదు. ఎన్నాళ్ల నుంచో అలాగే వాలి ఉందా, ఈ వానల్లోనే వాలిందా అన్నది మీకు ఇల్లు అమ్మినవాళ్లను అడిగి కనుక్కో. కొత్తగా వాలి ఉంటే, మొదట్లో మట్టి పగిలి లేచి ఉంటే, ఆలస్యం చెయ్యకుండా ఈ వారమే చూపించు. వచ్చినవాళ్లు ఏమన్నారో, ఎంత అడిగారో నాకు ఫోన్ చేసి చెప్పాకే బయానా ఇవ్వు.

ఇట్లు,
మీ పెదనాన్న